నవ్వించేవాని జీతభత్యములు

ఉగాది సంచికకు ఏదైనా చరిత్ర విషయము వ్రాసి ఇమ్మని మన సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము మొదట వెనుదీసిన మాట నిజము. మేము మెట్రిక్ వరకే చదివినవారము. రైల్వేలో గుమాస్తా ఉద్యోగము చేసుకొనేవారము. రాజులను గూర్చి, శాసనములను గూర్చి వ్రాయగల పెద్దలు మనలోనే ఉన్నారు. అయితే ఇన్నేండ్లుగా మా బల్ల మీదికి వచ్చేవి హాజరు పట్టీలు, జీతపు బిల్లులు. ఒక మనిషి ఎన్ని దినములు పని చేశాడు, దానికి ఎంత ఇవ్వవలె, ఎవరు ఇవ్వవలె అన్న సంగతి చూడటము మాకు అలవాటైపోయింది. ఆ కండ్లతోనే ఒక వృత్తిని చూచి వ్రాస్తున్నాము. అది నలుగురినీ నవ్వించి బ్రతికే వృత్తి.

ఈ విషయమే ఎందుకు ఎత్తుకున్నారని అడుగుదురేమో. మా మేనల్లుడు ఒకడు ఈ ముంబయిలోనే ఒక కంపెనీలో నెలజీతముకు పనిచేస్తున్నాడు. సాయంకాలములు ఎక్కడెక్కడి హాళ్ళకో పోయి, మైకు ముందు ఒంటరిగా నిలబడి, పది నిమిషములు మాటలు చెప్పి నవ్వించి వస్తాడు. దానిని స్టాండప్ కామెడీ అంటారట. ఒకనాడు వచ్చి, ఉద్యోగము మానివేసి ఇదే పని పెట్టుకొంటానని కూర్చున్నాడు. మా అక్క గాబరాపడి, “తమ్మీ, నీ మాటైతే వింటడు, నువ్వే చెప్పు” అని భారము మా మీద వేసింది. మేము నోరు తెరిచేలోపలనే వాడు, “మామా, జానీ లీవర్ గుడ ఫ్యాక్టరీ నౌకరీ ఇడిసిపెట్టిండు గద!” అన్నాడు.

ఆ మాటకు మా దగ్గర అప్పటికప్పుడు జవాబు లేకపోయింది. జానీ లీవర్ పేరు వినని తెలుగు ఇల్లు ఈ నగరములో ఉండదు. ఆయన మనవాడు. మన మధ్యనే, మనవంటి ఇండ్లలోనే పెరిగినవాడు. కాని ఆయన ఉద్యోగము ఎప్పుడు విడిచాడు, ఏ స్థితిలో విడిచాడు, అంతకు ముందు ఈ వృత్తి వారికి కూలి ఎట్లా ముట్టేది అన్నది చూడకుండా ఆయన పేరు చెప్పి లాభము లేదు. అందుచేత ఆ లెక్కను మొదటినుండి చూడవలెనని మాకు తోచింది.

మన ఊళ్ళలో పుట్టి పెరిగిన పెద్దలకు పిట్టలదొర జ్ఞాపకముండును. తెలంగాణములో తుపాకి రాముడనీ అంటారు. చినిగిన ఖాకీ కోటు, నెత్తిన దొరటోపి, చేతిలో కట్టెతుపాకి. వీధి నడుమ నిలబడి ఊపిరి తీయకుండా కోతలు కోసేవాడు. తనకు లేని మేడలు, లేని భూములు, లేని గుఱ్ఱపు బండ్లు అన్నీ ఏకరువు పెట్టేవాడు. అందులోనే తెల్లదొరకు, ఊరి దొరకు, పటేలు పట్వారీలకు తగలవలసిన చోట తగిలేది. వినేవారికి అర్థమయ్యేది; కాని వాడు తన్ను గురించే కోసుకున్నాడు గనుక ఎవరూ తప్పు పట్టుటకు వీలులేదు. వాద్యము లేదు, తోడు లేదు, తెర లేదు. ఒక మనిషి, ఒక నోరు. ఇదంతా చెప్పి, నీవు చేస్తున్నది ఇదే కదరా అని మేనల్లునితో అంటే, “అంతే మామా, తుపాకి ఒక్కటే తక్కువ” అని ఒప్పుకున్నాడు.

పిట్టలదొర సంపాదన ఏమిటి? దోసెడు బియ్యము, కొంత చిల్లర, ఒక పాత చొక్కా. పగటివేషముల వారి పద్ధతి మరొకటి. ఒక ఊరిలో దిగి, దినమునకొక వేషము చొప్పున ఆడి, ఆఖరు దినమున ఇంటింటికీ పోయి సంభావన అడిగేవారు. అనగా పని ముందు, కూలి చివర. ఆ కూలి ఎంత అనేది ఇచ్చేవాని మనసును బట్టి, ఆ యేటి పంటను బట్టి. మా కార్యాలయపు మాటలో చెప్పవలెనంటే వీరికి పే స్కేలు లేదు.

మరొక సంగతి కూడా మా దృష్టికి వచ్చింది. మన పాత కళలలో నవ్వించేవాని స్థానము ఎప్పుడూ నడిమి వేళలోనే. తోలుబొమ్మలాట రాత్రి తెల్లవార్లూ సాగేది. రామాయణమో భారతమో నడుస్తుండగా, జనము కునికిపాట్లు పడే వేళ చూచి, జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెరమీదికి దూకేవారు. ఆ సమయములో లోపల తరువాతి ఘట్టము బొమ్మలను సర్దుకొనేవారు. బుఱ్ఱకథలో నడుమ కథకుడు, ఇరుప్రక్కల ఇద్దరు వంతలు. ఒకరు లోకవ్యవహారము మాట్లాడితే ఒకరు హాస్యము చెప్పేవారు. కథకుడు ఊపిరి తీసుకొనే సందులో హాస్యపు వంత పని. హరిదాసు అయితే ఒంటరి గనుక, తన కథలో తానే పిట్టకథ దూర్చి నవ్వించి, మళ్ళీ కథలోకి వచ్చేవాడు. ఎక్కడ చూచినా సంగతి ఒకటే. అసలు పని మరొకటి ఉంది. దానిలో పడిన ఖాళీని నింపుటకు నవ్వించేవాడు కావలె. ఖాళీ నింపేవానికి అసలు పనివాని కూలి ఎవరు ఇస్తారు?

ఇది మన దేశపు సంగతి మాత్రమే కాదు. చార్లీ చాప్లిన్ మొదటిసారి రంగము ఎక్కినదీ ఒక ఖాళీ నింపుటకే. ఆయన తన ఆత్మకథలో వ్రాసుకున్నాడు. తల్లి ఇంగ్లండులో పాటకత్తె. 1894లో ఆల్డర్‌షాట్ అనే సైనికుల ఊరిలో పాడుతుండగా ఆమె గొంతు పోయింది, జనము గోల చేశారు. అయిదేండ్ల పిల్లవానిని తెచ్చి రంగము మీద నిలబెట్టారు. వాడు పాట ఎత్తుకున్నాడు. డబ్బులు వచ్చి పడటము మొదలైంది. వెంటనే పాట ఆపి, ముందు డబ్బులు ఏరుకొని తరువాత పాడుతానన్నాడట. దానికి జనము విరగబడి నవ్వారు. ఈ వృత్తిలో కూలికీ నవ్వుకీ ఉన్న సంబంధము అంత స్పష్టముగా మరెక్కడా మాకు కనబడలేదు.

చాప్లిన్ విషయములో అంకెలు కూడా దొరుకుతాయి గనుక, గుమాస్తా బుద్ధి పోనిచ్చుకోలేక వాటిని ఇక్కడ వేస్తున్నాము. 1908లో కార్నో నాటక కంపెనీలో చేరినప్పుడు వారమునకు మూడున్నర పౌన్లు. 1914లో అమెరికాలో సినిమాలలోకి దిగినప్పుడు వారమునకు 150 డాలర్లు. 1915లో మరొక కంపెనీలో 1,250. 1916లో మ్యూచువల్ కంపెనీతో చేసుకున్న ఒడంబడిక ఏడాదికి 6,70,000 డాలర్లు. అంటే వారమునకు పదివేలు, పైన లక్షాయాభై వేలు బోనసు. మేము 52 వారములతో గుణించి చూచుకున్నాము, సరిపోయింది. రెండేండ్లలో మనిషి అరవై రెట్లు గొప్పవాడయ్యాడా? కాదు. నాటకములో ఒక రాత్రికి ఒక హాలు మాత్రమే నిండుతుంది. సినిమా రీలు అదే రాత్రి వేయి ఊళ్ళలో ఆడుతుంది. నవ్వు అదే, నవ్వేవారు పెరిగారు. ఈ సూత్రము గుర్తుంచుకుంటే ముందు చెప్పబోయే సంగతి సులభముగా తెలుస్తుంది.

ఇక మన ముంబయికి వస్తే, జానీ లీవర్‌కు ముందు ఇంకొక జానీ ఉన్నాడు. జానీ వాకర్ అసలు పేరు బద్రుద్దీన్ జమాలుద్దీన్ కాజీ. తండ్రి ఇందూరులో మిల్లు పనివాడు. అక్కడ పని పోయి కుటుంబమంతా ఈ నగరమునకు వలస వచ్చింది. ఆ కథ మన ఇండ్లలో చాలామందికి కొత్త కాదు. కొడుకు బెస్ట్ కంపెనీ బస్సులో కండక్టరు అయ్యాడు. జీతము నెలకు 26 రూపాయలు. టికెట్లు కొడుతూ, స్టాపుల పేర్లు రకరకాల గొంతులతో పిలుస్తూ ప్రయాణికులను నవ్వించేవాడు. నటుడు బల్‌రాజ్ సాహ్నీ చూచి, గురుదత్ వద్దకు పంపాడు. అక్కడ తాగుబోతు వేషము వేసి చూపించి 1951లో ‘బాజీ’ చిత్రములో చేరాడు. విస్కీ పేరు పెట్టింది గురుదత్తే. ఆ మనిషి మాత్రము మద్యము ముట్టనివాడు. బస్సులో ఆయన చేసిన హాస్యమునకు ఆ 26 రూపాయలలో ఒక్క పైసా లేదు. అది టికెట్లు కొట్టినందుకు ఇచ్చిన జీతము. హాస్యము ఆయన ఊరికే ఇచ్చాడు.

ఆ రెండవ జానీ కథ మాకు దగ్గరి కథ. అసలు పేరు జనుమాల జాన్ ప్రకాశరావు. 1957 ఆగస్టు 14న అప్పటి నెల్లూరు జిల్లాలోని కనిగిరిలో తెలుగు క్రైస్తవ కుటుంబములో జననము. పెరిగినది ఇక్కడ మాటుంగా కింగ్స్ సర్కిల్, ధారావి ప్రాంతములలో. తండ్రి హిందూస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో ఆపరేటరు. సబ్బులకు పేరు పడిన కంపెనీ. ఇంటిలో పెద్దకొడుకు ఆయనే. వెనుక చెల్లెండ్రు, తమ్ముడు. ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ వారి ఇంగ్లీషు హైస్కూలులో ఏడవ తరగతి వరకు చదివి, ఇంటి ఇబ్బంది వలన మానుకున్నాడు. మన పిల్లలలో ఎందరు ఏడవ తరగతి దగ్గరనే ఆగిపోయారో మనకు తెలుసు. వారిలో ఈయన ఒకడు.

బడి మానిన పిల్లవాడు రోడ్డు మీద పెన్నులు అమ్మాడు. ఊరికే అమ్మలేదు. పేరు పడిన సినిమా నటుల గొంతులతో, వారి నడకతో, వారి పాటలకు ఆడుతూ అమ్మాడు. మా ఉద్దేశములో ఆయన వృత్తి మొదలైనది ఇక్కడే. జానీ వాకర్ బస్సులో హాస్యమును ఊరికే ఇస్తే, ఈ పిల్లవాడు దానిని పెన్నులో కలిపి అమ్మాడు. కొనేవాడు పెన్నుకు డబ్బు ఇస్తున్నాననుకున్నాడు. నిజమునకు సగము ఆటకు ఇచ్చాడు. చిన్నతనములో కొంతకాలము హైదరాబాదు పాతబస్తీలో యాకుత్‌పురాలో కూడా గడిపాడు. ఆ దక్కనీ ఉర్దూ పలుకుబడి, ఆ వెటకారము ఆయన మాటలలో ఎంత పనిచేసిందో హైదరాబాదు నుండి వచ్చినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీ, హిందీ, ఇంకా తుళు కూడా. వలస వచ్చినవాని చెవికి ఒక లాభము ఉంది. చుట్టూ ఉన్న ఏ యాసా వానిది కాదు గనుక అన్నిటినీ వింటాడు.

తరువాత తండ్రి పనిచేసే ఫ్యాక్టరీలోనే కూలిగా చేరి ఆరేండ్లు పనిచేశాడు. వంద కిలోల డ్రమ్ములు ఎత్తే పని. విరామములో తోటి పనివారిని నవ్వించేవాడు. ఒక సారి కంపెనీ ఉత్సవములో, పై అధికారులు కొందరిని వారి ఎదుటనే అనుకరించి చూపించాడు. అప్పుడు తోటి పనివారు ‘జానీ లీవర్’ అని పేరు పెట్టేశారు. మొదటి జానీకి పేరు పెట్టినది ఒక దర్శకుడు. రెండవ జానీకి పెట్టినవారు డ్రమ్ములు ఎత్తే కూలీలు. ఈ తేడా మాకు చాలా నచ్చింది.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాము. కొన్నేండ్ల క్రిందట ఒక వార్షికోత్సవములో మేము కూడా ఒక పెద్ద అధికారి గొంతు అనుకరించినాము. అందరూ నవ్వారు, ఆ అధికారి అందరికంటె గట్టిగా నవ్వాడు. ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మరుసటేడు పిలిచినప్పుడు గొంతు బాగాలేదని తప్పించుకున్నాము. ఆయన గొంతు, మా గొంతు ఒక్కటే అని మేము అనుకోవటము లేదు. భయము సంగతి మాత్రమే చెప్పుతున్నాము.

ఆ రోజులలో ముంబయిలో ఆర్కెస్ట్రాల కాలము నడుస్తున్నది. గణపతి మండపములలో, హాళ్ళలో సినిమా పాటల కచ్చేరీలు. పాటకు పాటకు నడుమ గాయకులు గొంతు తడుపుకోవలె, వాద్యగాండ్రు శ్రుతి సరిచేసుకోవలె. ఆ సందులో జనము లేచిపోకుండా మిమిక్రీ చేసేవానిని నిలబెట్టేవారు. చూచారా, మళ్ళీ ఆ తోలుబొమ్మల ఖాళీయే! జానీ లీవర్ అటువంటి ఖాళీలలో నిలబడి నిలబడి పేరు తెచ్చుకున్నాడు. సంగీత దర్శకులు కల్యాణ్‌జీ ఆనంద్‌జీల బృందములో చేరాడు. రాత్రి కచ్చేరీ, పగలు ఫ్యాక్టరీ. ప్రదర్శనలు పెరిగి రెండూ పొసగని స్థితి వచ్చిన పిమ్మట, 1981లో ఫ్యాక్టరీ ఉద్యోగము విడిచాడు. 1982లో అమితాబ్ బచ్చన్‌తో కలిసి పెద్ద విదేశ యాత్ర చేశాడు. అదే ఏడు సునీల్ దత్ ‘దర్ద్ కా రిష్తా’ చిత్రములో వేషము ఇచ్చాడు.

మా మేనల్లునికి ఈ తేదీల వరుసనే చూపించినాము. ముందు ప్రదర్శనలు పెరిగినవి, తరువాత ఉద్యోగము పోయింది. నీవు చెప్పినప్పుడు ఈ రెండిటినీ తలక్రిందులు చేశావు అన్నాము. వాడు తల గోక్కున్నాడు.

కాని న్యాయము చెప్పవలెనంటే, అదే తేదీల వరుస మా మాటకు కూడా అడ్డము వస్తుంది. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున ముంబయి బట్టల మిల్లుల సమ్మె మొదలైంది. రమారమి రెండున్నర లక్షల మంది పనివారు. కరీంనగరము, నల్లగొండ వైపుల నుండి వచ్చిన మన పద్మశాలీలు అందులో ఎందరో. ఆ సమ్మె ముగిసినదని ఎవరూ ప్రకటించలేదు; మిల్లులు మాత్రము ముగిసిపోయినవి. మా నాయన అందులో ఒకడు. ఆయనది పర్మినెంటు నౌకరీ, చేతిలో పక్కా కాగితము ఉండేది. జానీ లీవర్ తన స్థిరమైన పని వదలి అస్థిరమైన పనికి పోయిన మరుసటేడే, ఈ నగరములో అన్నిటికంటె స్థిరమనుకున్న పని కూలిపోయింది. ఆయనది సబ్బుల ఫ్యాక్టరీ, మిల్లు కాదు. ఆ సంగతి మాకు తెలుసు. అయినా ఆ రెండు సంవత్సరములను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినప్పుడు మాకు నోట మాట రాలేదు. మా నాయన తరువాత భివండిలో సాంచల మీద పనిచేశాడు. మమ్మల్ని రైల్వేలో చేర్చేదాకా ఆయన ప్రాణము కుదుటపడలేదు.

ఇక జానీ లీవర్ సంపాదన పెరిగిన తీరు. రంగము మీద చెప్పే హాస్యము కేసెట్టులోకి ఎక్కింది. ‘హసీ కే హంగామే’ అని ఆయన హాస్యపు కేసెట్టు వచ్చింది. చాప్లిన్‌కు రీలు చేసిన పనిని ఈయనకు కేసెట్టు చేసింది. ఒక రాత్రి ఒక హాలు అన్న హద్దు తెగిపోయింది. పాన్ దుకాణములలో, టాక్సీలలో, పెండ్లి ఇండ్లలో ఆ గొంతు మోగింది. అయితే కేసెట్టుకు ఒక చిక్కు ఉంది. ఒకసారి చెప్పిన హాస్యము ఊరంతా విన్న తరువాత, మళ్ళీ రంగమెక్కి అదే చెప్పితే ఎవరు నవ్వుతారు? పాటగాడు పాత పాట పాడితే జనము సంతోషిస్తారు. నవ్వించేవాడు పాత మాట చెప్పితే ఆవులిస్తారు. కనుక కేసెట్టు పేరు తెస్తుంది, సరుకును తినివేస్తుంది. ఈ వృత్తిలో పెట్టుబడి అంటే ఇదే, ఎప్పటికప్పుడు కొత్త సరుకు. కచ్చువా ఛాప్ దోమల అగరుబత్తి ప్రకటనలు కొన్ని కూడా ఆయన చేశాడు.

1986లో సినిమా పరిశ్రమవారు ‘హోప్ 86’ అని ధర్మార్థము ఒక పెద్ద ప్రదర్శన పెట్టారు. అందులో జానీ లీవర్‌ను నిలబెట్టింది కూడా ఖాళీ నింపుటకే. ఎదుట కూర్చున్నవారు నటులు, దర్శకులు, నిర్మాతలు. ఆ సభ నవ్వుల పాలైంది, మంచి అర్థములో. దాని ఫలితముగా నిర్మాత గుల్ ఆనంద్ ‘జల్వా’ చిత్రములో వేషము ఇచ్చాడు. అది 1987లో వచ్చింది. 1993లో ‘బాజీగర్’లో బాబూలాల్ అనే మతిమరుపు నౌకరు వేషముతో ఇంటింటి మనిషి అయ్యాడు. ‘దీవానా మస్తానా’, ‘దుల్హే రాజా’ చిత్రములకు 1998, 1999 సంవత్సరములలో ఉత్తమ హాస్యనటునిగా ఫిల్మ్‌ఫేర్ బహుమతులు అందుకున్నాడు. మూడు వందలకు మించి చిత్రములు చేశాడు. సినిమాల పట్టిక ఇక్కడ వ్రాయము. మన పిల్లలకు మాకంటె బాగా తెలుసు.

మన ఆంధ్ర, తెలంగాణములలో ఇదే దారిని ఇంకొక పద్ధతిలో నడిచిన మహానుభావుడు నేరెళ్ళ వేణుమాధవ్ గారు. ఓరుగల్లువారు, 1932లో పుట్టి 2018లో కాలము చేశారు. కొంతకాలము బడిపంతులు. 1971లో ఐక్యరాజ్యసమితిలో ధ్వన్యనుకరణ ప్రదర్శించారు. 1972 నుండి 1978 వరకు శాసనమండలి సభ్యులు. 2001లో పద్మశ్రీ. ఆయన చేసిన గొప్ప పని, ధ్వన్యనుకరణను రెండు పాటల నడిమి ఖాళీలోనుండి తీసి, టికెట్టు కొని కూర్చునే పూర్తి కచ్చేరీగా నిలబెట్టటము. తెలుగు విశ్వవిద్యాలయములో దానికి పాఠము కూడా ఏర్పడింది. ఖాళీ నింపేవాడు అసలు పనివాడైనాడనుటకు అంతకంటె సాక్ష్యము ఏమి కావలె?

తరువాతి కాలము సంగతి క్లుప్తముగా చెప్పుతాము. 2005లో టెలివిజనులో హాస్యపు పోటీ ఒకటి మొదలై, మన మహారాష్ట్ర నుండి సునీల్ పాల్, కాన్పూరు నుండి రాజు శ్రీవాస్తవ వంటివారు ఇంటింటికీ తెలిశారు. 2010లో లండను వారి కామెడీ స్టోర్ ముంబయిలో శాఖ తెరిచింది. హాస్యము కొరకే కట్టిన హాలు, అందులో పాటలు లేవు, ఖాళీలు లేవు. కొన్నాళ్ళకు దాని పేరు మారింది. అది తెరిచిన చోటు లోయర్ పరేలులో, పూర్వము ఫీనిక్స్ మిల్లు ఉన్న ఆవరణ. ఒకసారి మా నాయనను ఆ దారిన తీసుకొనిపోయినాము. గాజు అద్దముల భవనములను పైకి చూచి, “ఈడ మనోళ్ళు సాంచలు నడిపిన్రు” అన్నాడు. ఇప్పుడు లోపల ఏమి నడుస్తున్నదని అడిగితే మేము చెప్పినాము. కొంతసేపు ఆలోచించి, “టికెట్టు ఎంత?” అన్నాడు. చెప్పినాము. “అయితే నడువనియ్” అన్నాడు.

ఈనాడు ఈ వృత్తిలో క్రొత్తవానికి కూలి ముట్టే తీరు మేనల్లుడు చెప్పగా వ్రాసుకున్నాము. మొదట ‘ఓపెన్ మైక్’. అక్కడ ఏమీ ఇవ్వరు. కొన్ని చోట్ల అయిదు నిమిషముల చోటుకు ఆడేవాడే సొమ్ము కట్టవలె. ఈ మాట విని మా నాయన నమ్మలేదు. పిట్టలదొరకైనా దోసెడు బియ్యము పెట్టినారు గదా అన్నాడు. పేరు కొద్దిగా వచ్చిన తరువాత టికెట్టు డబ్బులో పాలు. కంపెనీల విందులలో పిలిస్తే ఒక రాత్రికి నెలజీతము రావచ్చు, ఆపైన మూడు నెలలు ఏమీ లేకపోవచ్చు. ఫోనులో చూచే వీడియోలకు ప్రకటనల డబ్బు. ఆ వీడియోకూ కేసెట్టు రోగమే. లోకమంతా చూచిన మాటను హాలులో మళ్ళీ చెప్పరాదు. జానీ లీవర్ కుమార్తె జేమీ ఇప్పుడు ఇదే వృత్తిలో ఉన్నది. ఏడవ తరగతి దగ్గర ఆగిన తండ్రి, లండనులో పై చదువు చదివిన కూతురు.

ఇక మన సంఘము సంగతి. చెప్పుటకు కొంచెము సిగ్గుగానే ఉంది. గత ఉగాది నాడు పంచాంగ శ్రవణము అయింది, పిల్లల నాట్యములు అయినవి. సాయంకాలము పాట కచ్చేరీకి హైదరాబాదునుండి గాయకుని పిలిపించినాము. ఆయనకు పారితోషికము, రానుపోను టికెట్లు, బస. బహుమతులు పంచిన తరువాత వాద్యగాండ్రు మైకులు సర్దుకొనుటకు పావుగంట పట్టుతుందన్నారు. “మీ మేనల్లుడు ఉన్నాడు గదా, ఏదో చెప్పమనండి” అన్నారు. వాడు చెప్పాడు. లోకల్ బండిలో నాలుగవ సీటు మీద కూర్చునే మనిషి సంగతి, ఫోనులో అమ్మతో తెలుగు, ప్రక్కవానితో మరాఠీ, పై అధికారితో ఇంగ్లీషు ఒకే గుక్కలో మాట్లాడే మన పిల్లల సంగతి. వెనుక వరుసలో భోజనముల దగ్గరికి లేచిన ఆడవారు కూడా తిరిగి వచ్చి నిలబడ్డారు. ముసలివారు కండ్లు తుడుచుకున్నారు. అయిపోయిన తరువాత వానికి ఒక శాలువా, ఒక కొబ్బరికాయ ఇచ్చినాము. అలా ఇయ్యవలెనన్న తీర్మానము మీద మా సంతకము కూడా ఉంది. ఇంటికి వచ్చి వాడు ఆ శాలువాను మా అమ్మకు ఇచ్చాడు.

జీతపు బిల్లులు సరిచూచేవారమని మొదట గొప్పగా చెప్పుకున్నాము గదా! ఆ రోజు మన ఇంటి పిల్లవాడని, పావుగంటే గదా అని, మేమూ అందరివలెనే అనుకున్నాము. పాటగానికి ఇచ్చిన పైకములో పదవ వంతైనా వానికి ఇయ్యవచ్చునన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

మేనల్లుడు ఇంకా ఉద్యోగములోనే ఉన్నాడు. ఆరు నెలలు లెక్క వ్రాసి చూడు, ప్రదర్శనల రాబడి జీతములో సగమునకు వచ్చిననాడు మాట్లాడుకొందామని మేము అన్నాము. వాడు సరేనన్నాడు. మా అక్క దీనిని పూర్తిగా ఒప్పుకోలేదు. సగమునకు ఎట్లా ఒప్పుకున్నావని మా మీద కోపముగా ఉంది. వాడు ఒక నోటు పుస్తకము కొని, తేదీ, చోటు, నిమిషములు, ముట్టినది అని నాలుగు గీతలు గీసుకున్నాడు. మొన్న మాకు చూపించాడు. మొదటి పుటలో వరుసగా ఏడు సున్నాలు ఉన్నవి.

ఈ ఏటి కార్యక్రమములో వానికి అరగంట కేటాయించినారు. గాయకునికి ముందు కాదు, భోజనముల తరువాత, అందరూ కూర్చున్న వేళకు. రేటు వాడే చెప్పాడు. “ఇంటోనికి గుడ పైసలా?” అని మా నాయన నవ్వాడు. కోశాధికారిగారు కొంచెము బేరమాడి, వోచరు వ్రాసి, సరిచూడవలసినదని మా చేతికి ఇచ్చారు. చూచి సంతకము చేసినాము. వాడు ఎనిమిదవ వరుసలో మన సంఘము పేరు వ్రాసుకున్నాడు.